అరసాళు కట్ట: మాల్గుడి అయిన పాత స్టేషను

శివమొగ్గ నించి తాళగుప్ప పోయే రైలు దారిలో కుంసి దాటినాక, ఆనందపురం రాకముందు, అరసాళు అని ఒక చిన్న స్టేషను ఉంది. అక్కడ ఇప్పుడు రెండు కట్టడాలు కనిపిస్తాయి. ఒకటి కొత్తది. బండ్లు దానికాడ ఆగుతాయి, టికెట్లు అక్కడ ఇస్తారు. ఇంకొకటి పాతది, పెంకుల కప్పుది. దాంట్లో ఇప్పుడు టికెట్లు లేవు, గంట కొట్టేవాళ్లు లేరు. 2020 నించి అది మాల్గుడి మ్యూజియం. కార్లలో వచ్చినవాళ్లు దాని ముందర నిలబడి ఫోటోలు తీసుకుంటారు. పక్కనే ఒక పాత మీటర్ గేజ్ పెట్టెను టీ అంగడిగా మార్చినారు, దాని పేరు మాల్గుడి చాయ్.

మన ఇండ్లల్లో మాత్రం ఆ జాగాకి వేరే పేరుంది. భద్రావతిలో ఉండే పెద్దవాళ్లు ఇప్పటికీ "అరసాళు కట్ట" అంటారు. కట్ట అంటే చెరువు కట్ట కాదు, రైలు కట్ట. ఆ మాట ఎట్లా వచ్చిందో, ఆ స్టేషను ఎట్లా పుట్టిందో, ఎట్లా మూతపడిందో, మళ్లీ ఎట్లా తెరుచుకుందో రాసి పెట్టమని మనవాళ్లు చానామంది అడుగుతా ఉన్నారు. అందుకే ఇది.

ముందు రైలు సంగతి. మైసూరు సంస్థానంలో రైలు దారులు ఊపందుకున్నది కరువుతో. 1876 నించి 1878 దాకా వచ్చిన పెద్ద కరువులో సంస్థానం జనాభాలో సుమారు అయిదో వంతు పోయింది. ధాన్యం ఒకచోట ఉండి, తినేవాళ్లు ఇంకోచోట చచ్చిపోతే ఆ నేరం దారులదే కదా. కరువు పనిగా మట్టి మోయించి బెంగళూరు–మైసూరు దారి వేసినారు, అది 1882లో పూర్తయింది. అదంతా మీటర్ గేజ్, అంటే రెండు పట్టాల మధ్య సరిగ్గా ఒక మీటరు. పని చవక, వంపులు తిప్పడం సులభం. తర్వాత దారి తుమకూరు వైపు, అక్కడి నించి హరిహరం వైపు పోయింది. మధ్యలో బీరూరు నించి ఒక కొమ్మ చీలి 1899లో శివమొగ్గ చేరింది.

అక్కడ అది చానా ఏండ్లు ఆగిపోయింది. శివమొగ్గ దాటితే మలెనాడు. అడవి, వాన, జ్వరం. ఒకసారి వాన మొదలైతే మూడు నాలుగు నెలలు మట్టి పని అన్నదే ఉండదు. ఆ అడవిలోకి దారి కొనసాగించింది నాల్వడి కృష్ణరాజ ఒడెయరు కాలంలో, మిర్జా ఇస్మాయిల్ దివానుగా ఉన్న ఏండ్లలో. 1930ల్లో ముక్కలు ముక్కలుగా పని సాగి, ఆనందపురం, సాగర మీదుగా 1940 నాటికి దారి తాళగుప్ప చేరింది. తాళగుప్పకి జోగ్ జలపాతం సుమారు పదిహేను కిలోమీటర్లే. జోగ్ దగ్గర కరెంటు తీసే కేంద్రం పని 1939లో మొదలైంది. ఈ రెండు సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూస్తే రైలు అంత దూరం ఎందుకు పోయిందో వేరే చెప్పక్కర లేదు.

ఇక్కడ ఒక మాట. అరసాళు గురించి రాసేవాళ్లంతా "బ్రిటిష్ కాలపు స్టేషను" అని రాసేస్తారు. కాలం అదే, కానీ ఆ దారి వేయించింది మైసూరు సంస్థానం. 1951లో దక్షిణ రైల్వే ఏర్పడినప్పుడు మైసూరు రైలు దాంట్లో కలిసింది. 2003లో హుబ్బళ్లి కేంద్రంగా నైరుతి రైల్వే వచ్చినాక ఇది దాని మైసూరు డివిజన్ కిందికి పోయింది. పాతగా కనిపించే ప్రతిదీ దొరలు కట్టిందే అనుకోవడం మనకి ఒక అలవాటు.

సరే, సంస్థానం వేయించింది. వేసింది ఎవరు?

మైసూరు సీమలో చెరువులు, కాలువలు, కోటలు, రైలు కట్టలు, డ్యాములు ఏ పని తీసుకున్నా మట్టి తవ్వినవాళ్లలో, రాయి కొట్టినవాళ్లలో ఒడ్డెర్లు పెద్ద భాగం. కర్ణాటకంలో మనల్ని బోవి అంటారు. ఇంట్లో మాట తెలుగు, ఊళ్లో మాట కన్నడం. మన్ను ఒడ్డెర్లు, కల్లు ఒడ్డెర్లు, బండి ఒడ్డెర్లు అని పనిని బట్టే పేర్లు. చెరువు తవ్వించిన సొన్నలిగె సిద్ధరామేశ్వరుణ్ణి మనవాళ్లు గురువుగా కొలిచేది కూడా అందుకే. పని ఉన్నచోటికి గుంపుగా పోవడం, పని అయిపోతే గుడిసెలు విప్పుకుని కదలడం. అందువల్ల మనం కట్టినవి వందల ఊళ్లల్లో ఉన్నాయి, మన ఊరు ఏదంటే మాత్రం పెద్దవాళ్లు కాసేపు ఆలోచిస్తారు.

మా అవ్వ చెప్పిన లెక్క ప్రకారం వాళ్ల నాయన మడకశిర వైపు నించి గుంపుతో వచ్చినాడు. ముందు భద్రావతి. అక్కడ ఇనుము కార్ఖానా 1923లో నడవడం మొదలైంది, విశ్వేశ్వరయ్యగారు దాని బోర్డుకి అధ్యక్షుడిగా ఉండినారు. ఆయన ఇంటిపేరు మోక్షగుండం, అది మన తెలుగు ఊరు, కాబట్టి మా తాతల తరం ఆయన్ని "మనాయన" అనే చెప్పుకునేది. ఆ కార్ఖానా బొగ్గుల కోసం మలెనాడు అడవిలో కట్టెలు కాల్చేది. ఆ కట్టెల దారుల్లో మట్టి పని చేసి, అక్కడి నించి శివమొగ్గ దాటి రైలు పనికి పోయినారు. అవ్వ అప్పటికి అమ్మ కొంగు పట్టుకుని నడిచే పిల్ల.

కట్ట పని ఎట్లా ఉండేదో అవ్వ చెప్పింది చెప్పినట్టు మా చిన్నాయన ఒక నోటుబుక్కులో కన్నడ అక్షరాలతో రాసుకున్నాడు. మొగవాళ్లు గడ్డపారలతో తవ్వుతారు, ఆడవాళ్లు గంపలతో మోస్తారు, గాడిదలు ఉన్న కుటుంబం గాడిదల మీద తోలుతుంది. కట్టకి పక్కనే గుంటలు తవ్వి ఆ మట్టే పైన పోస్తారు. కూలి రోజుకి ఇంత అని కాదు, గుంట కొలతకి ఇంత. అందుకే గుంట మధ్యలో ఒక మట్టి దిమ్మెను తవ్వకుండా వదిలేస్తారు. దిమ్మె ఎత్తు చూసి గుంట లోతు లెక్క వేస్తారు. రాత్రిపూట ఆ దిమ్మె పైన పచ్చిక ముక్క అంటించి రెండు వేళ్ల ఎత్తు పెంచేవాళ్లు కూడా ఉండేవాళ్లంట. అది చెప్పేటప్పుడు అవ్వ నవ్వేది. కొలిచేవాడికి తెలుసు, తెలిసీ కొన్నిసార్లు ఊరకుండేవాడు అని కూడా చెప్పేది.

జ్వరం గురించి చెప్పేటప్పుడు నవ్వేది కాదు. మలెనాడు చలిజ్వరం అంటే అప్పట్లో బయలుసీమ వాళ్లకి వణుకు. దోమల మందు ఊరూరా కొట్టడం మొదలయ్యేదాకా మలేరియా ఆ అడవి ఊళ్లని వదల్లేదు. అరసాళు దగ్గర గుడిసెల్లో ఉన్నప్పుడు అవ్వకన్నా పెద్దదైన అక్క జ్వరంతో పోయింది. పది పన్నెండేండ్ల పిల్ల. గంప మోసే వయసు వచ్చిన పిల్ల. కట్ట పక్కనే పూడ్చినారు. వానలు మొదలయ్యేలోపల గుంపు ఆనందపురం వైపు కదిలింది. "అరసాళు కట్ట" అనే మాట మన ఇంట్లో నిలిచింది ఆ పిల్ల వల్లే. పండగకి పెద్దలకి పెట్టేటప్పుడు అవ్వ ఒక ముద్ద విడిగా తీసి "కట్టకాడ ఉండేదానికి" అనేది.

ఇక రెండో కథ. విచిత్రంగా అది కూడా ఇంచుమించు అదే కాలంలో మొదలవుతుంది. 1930 సెప్టెంబరులో బెంగళూరులో ఆర్.కె. నారాయణ్ అనే యువకుడు, వాళ్ల అవ్వ చూసి పెట్టిన మంచి రోజున, కొత్త నోటుబుక్కు కొని నవల మొదలుపెట్టినాడు. ఆయన ఆత్మకథలో చెప్పుకున్న ప్రకారం మాల్గుడి అనే ఊరు ఆయనకి ముందుగా ఒక చిన్న రైలు స్టేషనుగానే కనిపించింది. ఊరు తర్వాత వచ్చింది. ఆ నవల స్వామి అండ్ ఫ్రెండ్స్, 1935లో అచ్చయింది. అంటే ఒక వైపు కాగితం మీద ఒక స్టేషను లేస్తా ఉంది, ఇంకో వైపు మలెనాడు అడవిలోకి మట్టి మీద స్టేషన్లు లేస్తా పోతున్నాయి. రెండూ ఒకదానికొకటి తెలియవు.

నారాయణ్ రైలు పనిని గమనించని మనిషి కాదు. 1958లో వచ్చిన ది గైడ్‌లో మాల్గుడికి రైలు దారి వేయడం, దాని పక్కన చిన్న అంగడి ఉన్న కుటుంబానికి స్టేషనులో అంగడి దొరకడం, ఆ ఇంటి కొడుకు రైల్వే రాజు అవడం, ఇదంతా ఉంది. ఆ నవలకి 1960లో సాహిత్య అకాడెమీ బహుమానం వచ్చింది. మట్టి మోసేవాళ్లు దాంట్లో కథకి వెనకాల కనిపించి పోతారు. నవలలో అంతకన్నా జాగా అడగడం న్యాయం కాదు, అది రాజు కథ.

1980ల రెండో సగంలో శంకర్ నాగ్ ఆ కథల్ని దూరదర్శన్‌కి మాల్గుడి డేస్‌గా తీసినాడు. ఊరంతా ఆగుంబెలో. స్టేషను కావాల్సి వచ్చినప్పుడు అరసాళు. బోర్డు మీద పేరు మార్చి మాల్గుడి అని రాసినారు, అంతే. మాస్టర్ మంజునాథ్ స్వామి వేషం, గిరీష్ కర్నాడ్ వాళ్ల నాయన వేషం, ఆర్.కె. లక్ష్మణ్ బొమ్మలు, ఎల్. వైద్యనాథన్ సంగీతం. మా తరం దాన్ని మళ్లీ మళ్లీ వేసినప్పుడు చూసింది. మాకు అప్పుడు ఆ స్టేషను అరసాళు అని తెలియదు. తెలిసింది అవ్వకే. టీవీ ముందర కూచుని "ఇది అరసాళు కదప్పా" అన్నదంట. ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. శంకర్ నాగ్ 1990లో దావణగెరె దగ్గర రోడ్డు ప్రమాదంలో పోయినాడు. ముప్పై అయిదేండ్లు. కర్ణాటకంలో ఆటోల వెనక ఇప్పటికీ ఆయన బొమ్మ ఉంటుంది.

ఆ తర్వాత స్టేషనుకి కాలం చెల్లింది. 1992లో దేశమంతా ఒకే గేజ్ చేయాలని రైల్వే నిర్ణయించింది. మీటర్ గేజ్ వెడల్పు 1000 మిల్లీమీటర్లు, బ్రాడ్ గేజ్ 1676. ఆ 676 మిల్లీమీటర్ల తేడా చిన్నదిగా కనిపిస్తుంది, కానీ దాంతో పాత స్టేషనులో దాదాపు ఏదీ పనికి రాదు. బండ్లు పొడుగైనాయి కాబట్టి బండ్లు దాటుకునే పక్క పట్టాలు పొడిగించాలి. వంపులు సడలించాలి. ప్లాట్‌ఫారం ఎత్తు పెంచాలి. ప్లాట్‌ఫారం లేస్తే పాత కట్టడం గడప దానికి అందదు. చేత్తో లాగే సిగ్నల్ మీటలు పోయి కరెంటు సిగ్నళ్లు వస్తాయి. స్టేషన్ మాస్టరుకి కొత్త గది కావాలి. అట్లాంటప్పుడు పాతదాన్ని సరిచేసేకన్నా పక్కన కొత్తది కట్టడమే సులభం. శివమొగ్గ–తాళగుప్ప దారి మీద చివరి రోజుల్లో రైలు బస్సు ఒకటి తిరిగేది. 2011 నాటికి బ్రాడ్ గేజ్ తాళగుప్ప చేరింది. పాత అరసాళు స్టేషను తాళం పడి, పెంకులు జారి, చెట్లు మొలిచి ఉండిపోయింది.

మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. పాత సిస్టం తీసి కొత్తది ఎక్కించేటప్పుడు మా పని ఒకటే, కొత్తది సరిగ్గా నడుస్తుందా లేదా అని చూడడం. పాతదాంట్లో ఏం ఉండిందో ఎవరూ అడగరు. అది నడవడం మానేసిన రోజే దాని చరిత్ర కూడా అయిపోయినట్టు. గేజ్ మార్పిడి గురించి చదివినప్పుడంతా మాకు అదే గుర్తొస్తుంది.

అరసాళుని కాపాడింది కథ. ఇది ఒప్పుకోవాలి. నైరుతి రైల్వే ఆ కట్టడాన్ని బాగుచేయించి మ్యూజియం చేసింది. సీరియల్‌కి కళా దర్శకత్వం చేసిన జాన్ దేవరాజ్ చేతుల మీదుగానే లోపలి పని జరిగింది. సీరియల్ ఫోటోలు, పాత్రల రూపాలు, ఆ కాలపు స్టేషను వాతావరణం. సీరియల్ చూసిన మనిషి మళ్లీ ముప్పై ఏండ్ల తర్వాత వచ్చి అదే గోడలకి రంగు వేయించడం చిన్న విషయం కాదు. మాల్గుడి పేరు లేకుంటే ఆ పెంకుల కింద ఈపాటికి పాములే ఉండేవి. ఒక పాత స్టేషను నిలబడాలంటే ఏదో ఒక గొప్ప చెప్పుకోవాలి. చెన్నైలో రాయపురం స్టేషను 1856ది, దక్షిణాదిలో మొట్టమొదటి దారి దానిది, ఆ గొప్పతోనే నిలబడింది. మన చిక్కబళ్లాపురం దారిలో దొడ్డజాల, దేవనహళ్లి, ఆవతిహళ్లి, నంది హాల్ట్ స్టేషన్లు 1915 నాటి రాతి కట్టడాలు. వాటిని ఇంటాక్ బెంగళూరు శాఖ బాగుచేయించింది. అవి రాయితోనే గొప్ప. ఆ రాయి సమ్మెట ఎవరిదో చెప్పక్కర లేదు. అరసాళుకి అంత వయసూ లేదు, అంత రాయీ లేదు. దానికి ఉన్నది మాల్గుడి ఒక్కటే.

కాబట్టి మాకు మ్యూజియం మీద కోపం లేదు. చిన్నాయనకి ఉంది. ఆయన తెరిచిన మరుసటి ఏడు పోయి, లోపల అంతా చూసి, బయట టీ తాగి వచ్చి, "అన్నీ ఉండాయిరా. లేని ఊరిది అంతా ఉంది. ఉన్న ఊరిది ఏమీ లేదు" అన్నాడు. రైలు ఎప్పుడు వచ్చింది, ఎవరు వేయించినారు, ఎవరు వేసినారు అని చెప్పే మాట ఒక్కటి తన కంట పడలేదని ఆయన బాధ. మేము ఆయనతో పూర్తిగా ఒప్పుకోము. మాల్గుడి చూడాలని వచ్చినవాడికి మాల్గుడే చూపించాలి. కానీ గోడ బయట, పట్టాల వైపు, జాగా చానా ఉంది.

మమ్మల్ని నిజంగా ఇబ్బంది పెట్టింది ఇంకొకటి. స్టేషను పేరునే మాల్గుడి చేయాలనే మాట ఆ మధ్య వచ్చింది. బోర్డు మీద ఇంకా అరసాళు అనే ఉంది, ఉండాలి కూడా. మేము కన్నడ మీడియంలో చదివినవాళ్లం, తెలుగు అక్షరాలు పెద్దయినాక నేర్చుకున్నాం, కాబట్టి ఏ ఊరి పేరు చూసినా ముందు కన్నడంలో విడగొట్టి చూస్తాం. అరసు అంటే రాజు. ఆళు అంటే పనివాడు, కూలివాడు. పండితులు ఆ పేరుకి ఇంకే అర్థం చెప్పినా సరే, రాజు వేయించిన కట్టని కూలివాళ్లు వేసిన చోటికి అంతకన్నా సరిపోయే పేరు మేము పెట్టాలన్నా పెట్టలేము. దాన్ని తీసేసి, ఎక్కడా లేని ఊరి పేరు పెడితే, మన ఇంట్లో ఆ మాటకి ఉన్న ఒకే ఒక గుర్తు కూడా పోతుంది. నారాయణ్ కూడా తన మాల్గుడి ఎక్కడుందో ఎవరికీ చెప్పకుండానే పోయినాడు. దానికి ఒక నిజమైన స్టేషను కోడు తగిలించడం ఆయన కథకి కూడా మేలు కాదని మా అభిప్రాయం.

ఈ సంగతులన్నీ పెట్టి మేము అన్నదమ్ములం, అక్కచెల్లెళ్లం కలిసి ఒక చిన్న బోర్డు మాటలు తయారు చేసినాం. కన్నడంలో ఆరు వరుసలు, కింద తెలుగులో ఆరు. శివమొగ్గ దాటి దారి ఎప్పుడు, ఎవరి కాలంలో పోయిందో రెండు వరుసలు. ఒడ్డెర్లు, బోవులు, వాళ్లతో పాటు పనిచేసిన మిగతా కూలివాళ్లు, గంపలు, గాడిదలు, గుంట లెక్క కూలి, ఇవి రెండు వరుసలు. చలిజ్వరంతో పోయినవాళ్లని తలుచుకునేది ఒక వరుస. బోర్డు పెట్టడానికి అనుమతి అడుగుతూ కాగితం పెట్టినాం. జవాబు వచ్చినాక ఇక్కడే చెప్తాం.

ఆరో వరుస ఖాళీగా ఉంది. అక్కడ ఆ పిల్ల పేరు రాయాలని చిన్నాయన పట్టు. అవ్వ ఎప్పుడూ "పెద్దక్క" అనే అన్నది, పేరు పెట్టి పిలవడం మర్యాద కాదని. నోటుబుక్కులో కూడా పెద్దక్క అనే ఉంది. భద్రావతి, దావణగెరె, హొసపేటె ఇండ్లల్లో అవ్వ కన్నా పెద్దవాళ్ల దగ్గర పెరిగినవాళ్లు ఇంకా ఉన్నారు. మడకశిర వైపు ఉండిపోయిన కొమ్మలో కూడా ఉండొచ్చు. ఎవరికైనా ఆ పేరు చెవిన పడి ఉంటే దసరాలోపల మాకు చెప్పండి.